ఎల్-సిరీస్ హార్న్ స్ట్రోబ్: కొత్త డిజైన్‌లో నిజంగా మారిందేమిటి, సైట్‌లో ఎక్కడ దెబ్బతింటుంది

సిస్టమ్ సెన్సర్ వాళ్ల ఎల్-సిరీస్‌లో ఫైర్ అలారం కోసం గోడకో సీలింగ్‌కో బిగించే హార్న్‌లు (కూత పెట్టేవి), స్ట్రోబ్‌లు (మెరిసే లైట్లు), రెండూ కలిసిన హార్న్ స్ట్రోబ్‌లు ఉన్నాయి. మన సైట్లలో వీటన్నిటినీ కలిపి హూటర్ అనేస్తాం. ఇది హనీవెల్ గ్రూపు సరుకు. అదే కంపెనీ నుంచి ముందు స్పెక్ట్రాలర్ట్, తర్వాత స్పెక్ట్రాలర్ట్ అడ్వాన్స్, ఆ పైన ఇది వచ్చాయి. అమెరికాలో స్కూళ్లలో, ఆఫీసుల్లో, హోటళ్లలో విరివిగా వాడుతున్నారు. మన వైపు మాత్రం ఐటీ క్యాంపస్‌లు, అమెరికాకు మందులు పంపే ఫార్మా ప్లాంట్లు, యూఎల్ (అమెరికా భద్రతా పరీక్షల సంస్థ) లిస్టింగ్ ఉండి తీరాలని కన్సల్టెంట్ రాసిపెట్టిన హోటళ్ల కొటేషన్లలో కనిపిస్తుంటుంది. ధర మామూలు లోకల్ హూటర్‌కి కొన్ని రెట్లు. ఆ తేడాకి చేతికి వచ్చేదేమిటో చూద్దాం.

ముందే చెప్పేస్తున్నాం: ఎక్కువ శబ్దం వస్తుందనో, ఎక్కువ వెలుగు వస్తుందనో దీన్ని కొనక్కర్లేదు. క్యాండెలా (వెలుగు తీవ్రత) రేటింగులు, హార్న్ శబ్దం పాత అడ్వాన్స్‌తో దాదాపు సమానం. కొత్త డిజైన్‌లో అసలు లాభం కరెంటు. అడ్వాన్స్ నుంచే వస్తున్న మౌంటింగ్ ప్లేటు రెండో లాభం. మిగతాదంతా అందం.

కరెంటు సంగతి వివరంగా చూడాలి, ఎందుకంటే అలారం మోగాల్సినప్పుడు మోగకపోవడానికి ఎక్కువ కారణాలు అక్కడే ఉంటాయి. 16 నుంచి 33 వోల్టుల మధ్య వాల్ స్ట్రోబ్ గరిష్ఠంగా లాగే కరెంటు కేటలాగుల్లో ఇలా ఉంది: 15 క్యాండెలా సెట్టింగ్‌లో అడ్వాన్స్ 66 మిల్లీఆంపియర్లు లాగితే ఎల్-సిరీస్ 43 లాగుతుంది. 75 క్యాండెలా దగ్గర 158 కాస్తా 107 అయింది. 110 దగ్గర 202 కాస్తా 148. ప్యానెల్‌లో ఒక నోటిఫికేషన్ సర్క్యూట్ (హూటర్లకు కరెంటిచ్చే లైన్) 2.5 ఆంపియర్లు ఇస్తుందనుకుంటే 75 క్యాండెలా పాత స్ట్రోబ్‌లు 15 పడతాయి, కొత్తవి 23. పెద్ద ఫ్లోర్లున్న బిల్డింగులో అదనంగా పెట్టాల్సిన బూస్టర్ పవర్ సప్లై, దాని బ్యాటరీలు, దాని కేబులింగ్ చాలాచోట్ల ఈ తేడాతోనే మిగులుతాయి.

సర్క్యూట్ సామర్థ్యం కంటే పెద్ద సమస్య వోల్టేజీ డ్రాప్, అంటే కేబుల్ పొడవునా వోల్టేజీ తగ్గిపోవడం. కరెంటు తగ్గిన లాభం అసలు తెలిసేది ఇక్కడే. ఒక లెక్క వేద్దాం. 75 క్యాండెలా స్ట్రోబ్‌లు 12, ప్యానెల్ నుంచి కేబుల్ దూరం 100 మీటర్లు, కేబుల్ 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి. ఈ సైజు రాగి తీగకి రెసిస్టెన్స్ కిలోమీటరుకు 12.1 ఓములు. పోను రాను 200 మీటర్లు కాబట్టి 2.42 ఓములు. లోడంతా చివర్లోనే ఉందని అనుకుని వేసే లెక్క అన్నిటికంటే కఠినమైనది, సురక్షితమైనది కూడా. పాతవైతే మొత్తం 1.896 ఆంపియర్లు, డ్రాప్ 4.6 వోల్టులు. కొత్తవైతే 1.284 ఆంపియర్లు, డ్రాప్ 3.1 వోల్టులు. బ్యాటరీ దిగిపోయే దశలో ప్యానెల్ ఇచ్చేది 24లో 85 శాతం, అంటే 20.4 వోల్టులు అని పట్టుకుని మొదలుపెట్టాలి. స్ట్రోబ్‌కి కనీసం 16 కావాలి. పాతవాటికి చివర్లో 15.8 అందుతుంది, అంటే ఫెయిల్. కొత్తవాటికి 17.3, పాస్. అదే కేబుల్, అదే దూరం, అదే ప్యానెల్. పాతవాటినే ఉంచుకోవాలంటే 2.5 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ లాగాలి. దానికి కిలోమీటరుకు 7.41 ఓములు, డ్రాప్ 2.8 వోల్టులకు దిగుతుంది.

ఈ లెక్కను 24 వోల్టుల దగ్గర మొదలుపెట్టి "సరిపోయింది" అనేవాళ్లు చాలామంది ఉన్నారు. మెయిన్స్ కరెంటు ఉన్నప్పుడు చేసే టెస్టులో అది నిజంగానే సరిపోతుంది. మంటలు అంటుకున్న రోజున ముందు పోయేది మెయిన్స్ కరెంటే. పైగా స్ట్రోబ్ తనకు అందే వోల్టేజీ తగ్గితే కరెంటు తగ్గించుకోదు, పెంచుకుంటుంది. సెకనుకొక మెరుపు ఇవ్వాలంటే లోపలి కెపాసిటర్‌ని ప్రతిసారీ అంతే శక్తితో నింపాలి మరి. వోల్టేజీ తగ్గిన కొద్దీ కరెంటు పెరుగుతుంది, కరెంటు పెరిగిన కొద్దీ కేబుల్‌లో డ్రాప్ పెరుగుతుంది. చివరి రెండు మూడు స్ట్రోబ్‌లు ఒక మెరుపు ఇచ్చి ఒకటి మింగేయడం, మిగతావాటితో తాళం తప్పడం మొదలవుతుంది. అలా కనిపిస్తే పీస్ పాడైందని మార్చేముందు అక్కడి వోల్టేజీ కొలవండి. కేటలాగులో రాసిన కరెంటు ఈ అధ్వాన్న పరిస్థితికి సంబంధించినదే కాబట్టి లెక్కకు దాన్నే వాడాలి. మీటర్ పెట్టి 24 వోల్టుల దగ్గర చూసిన తక్కువ అంకెను కాదు. హార్న్ స్ట్రోబ్ అయితే హార్న్ టోన్, వాల్యూమ్, క్యాండెలా మూడూ కలిసిన గడిలోని అంకెను తీసుకోవాలి.

ఇక మౌంటింగ్ ప్లేటు. వైర్లన్నీ ప్లేటు టెర్మినళ్లకే బిగుస్తాయి. హూటర్‌ని పైనుంచి గుచ్చి ఒక్క స్క్రూ బిగిస్తే చాలు. సివిల్ పనులు, పెయింటింగ్ జరుగుతున్నప్పుడు ప్లేట్లు మాత్రం బిగించి, హూటర్లను స్టోర్‌లో దాచుకోవచ్చు. ప్లేటు మీద ఒక చిన్న షార్టింగ్ స్ప్రింగ్ ఉంటుంది. హూటర్ గుచ్చనంతసేపు అది లైన్ వచ్చే, పోయే టెర్మినళ్లను కలిపి ఉంచుతుంది కాబట్టి, చివర్లో ఎండ్ ఆఫ్ లైన్ రెసిస్టర్ (లైన్ తెగితే ప్యానెల్‌కి తెలియడానికి ఆఖరున తగిలించేది) పెట్టి ప్యానెల్ దగ్గర మల్టీమీటర్‌తో లైనంతా చెక్ చేయొచ్చు. 4.7 కిలో ఓముల రెసిస్టర్ పెడితే దాదాపు అంతే చూపించాలి. అనంతం చూపిస్తే ఎక్కడో తెగింది, సున్నా దగ్గరికొస్తే ఎక్కడో కలిసింది. హూటర్ గుచ్చగానే స్ప్రింగ్ పక్కకు తప్పుకుంటుంది.

ఈ సౌకర్యంలోనే ఒక ప్రమాదం ఉంది. స్ప్రింగ్ లైన్‌ని కలిపి ఉంచినంతసేపు ప్యానెల్ నార్మల్ చూపిస్తుంది. అంటే ప్యానెల్ నార్మల్‌గా ఉందంటే ప్రతి ప్లేటు మీదా హూటర్ ఉన్నట్టు కాదు. పండక్కి రంగులేయడానికి పీకి పక్కన పెట్టిన హూటర్ తిరిగి పెట్టకపోతే ప్యానెల్ చెబుతుందని ఎదురుచూడకండి. ఫ్లోర్ ఫ్లోర్‌కీ తిరిగి, డ్రాయింగ్ చేతిలో పట్టుకుని, కళ్లతో లెక్కపెట్టుకోవాలి.

వైరింగ్‌లో ఏ హూటర్‌కైనా వర్తించే రెండు తప్పులు ఇక్కడ చెప్పక తప్పదు. మొదటిది, టెర్మినల్ కింద వైర్‌ని కొయ్యకుండా ఇన్సులేషన్ గీకి, మెలికేసి ముందుకు తీసుకుపోవడం. ఆ మెలిక స్క్రూ కింద నుంచి జారిపోయినా లైన్ తెగదు కాబట్టి ప్యానెల్‌కి ఫాల్ట్ తెలియదు, హూటర్ మాత్రం చచ్చిపోయి ఉంటుంది. వచ్చే వైరునీ పోయే వైరునీ కోసి, విడివిడిగా బిగించాలి. మధ్యలో బ్రాంచ్ కొట్టి ఇంకో గదికి లాగడం కూడా ఇలాంటిదే. ఆ బ్రాంచ్ మీద నిఘా ఉండదు. రెండోది ఇంకా దారుణం. ఎండ్ ఆఫ్ లైన్ రెసిస్టర్‌ని చివరి హూటర్ దగ్గర కాకుండా ప్యానెల్ టెర్మినళ్ల దగ్గరే తగిలించేస్తారు. హ్యాండోవర్ రోజు ఫాల్ట్ వస్తుంటే అదొక్కటే చప్పున పోగొట్టే దారి. ఆ తర్వాత ఫ్లోర్ మొత్తం కేబుల్ ఎలుకలు కొరికేసినా ప్యానెల్ పచ్చ లైటుతోనే ఉంటుంది. బిల్డింగ్ తీసుకునేటప్పుడు ప్యానెల్ తలుపు తెరిపించి, నోటిఫికేషన్ టెర్మినళ్ల దగ్గర రెసిస్టర్ వేలాడుతోందేమో చూడండి.

పోలారిటీ గురించి కూడా. మామూలు సమయంలో ప్యానెల్ ఈ లైన్‌లోకి చిన్న కరెంటును తిరగేసి పంపుతుంది. హూటర్ లోపలి డయోడ్ దాన్ని ఆపేస్తుంది కాబట్టి అది రెసిస్టర్ గుండా మాత్రమే పోతుంది. అలారం వస్తే ప్యానెల్ పోలారిటీ మార్చి పూర్తి 24 వోల్టులు వదులుతుంది. ఎల్-సిరీస్‌లో ఈ ఏర్పాటు ఉంది. చౌక హూటర్లు కొన్నింటిలో డయోడ్ ఉండదు. అలాంటివి ఒకటో రెండో అదే లైన్‌లో కలిపితే రెసిస్టర్ విలువ తప్పుగా కనిపించి ఫాల్ట్ వదలదు. ఒక లైన్‌లో రెండు రకాల సరుకు కలపొద్దనడానికి ఇదొక కారణం. ఇంకో కారణం సింక్, అంటే స్ట్రోబ్‌లన్నీ ఒకే తాళంలో మెరవడం.

ఒకే చోటు నుంచి రెండుకు మించి స్ట్రోబ్‌లు కంటికి కనబడేచోట అన్నీ ఒకేసారి మెరవాలని అమెరికా ఫైర్ అలారం ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 72 చెబుతుంది. వేర్వేరు క్షణాల్లో మెరిస్తే కలిపి చూసేవాడికి చాలా వేగంగా మెరిసినట్టుంటుంది, మూర్ఛ జబ్బున్నవాళ్లకు అది ప్రమాదం. ఈ సింక్ సంకేతం ప్రతి కంపెనీకీ వేరు. ప్యానెల్ ఈ కంపెనీ ప్రోటోకాల్ ఇవ్వగలిగితే సరే, లేకపోతే ఎండీఎల్3 సింక్ మాడ్యూల్ పెట్టాలి. అది ఉంటే మరో లాభం: ఫైర్ టీమ్ వచ్చాక హార్న్‌ని ఆపి స్ట్రోబ్‌ల్ని మెరుస్తూనే ఉంచొచ్చు.

క్యాండెలాను హూటర్ వెనకున్న స్విచ్‌తో మార్చుకోవచ్చు. గోడ రకానికి 15, 30, 75, 95, 110, 135, 185. సీలింగ్ రకానికి 15, 30, 75, 95, 115, 150, 177. 12 వోల్టుల ప్యానెల్ అయితే 15, 30 మాత్రమే పనిచేస్తాయి. గదికి ఎంత పెట్టాలో ఊహించక్కర్లేదు: గోడకి ఒక్క స్ట్రోబ్ పెడితే 20 అడుగుల చదరపు గదికి 15, 45 అడుగుల గదికి 75, 50 అడుగుల గదికి 95, 60 అడుగులకి 135. కారిడార్‌లో 15 చాలు, కాకపోతే రెండు చివరల నుంచీ 15 అడుగుల లోపు ఒక్కొక్కటి ఉండాలి, మధ్యలో 100 అడుగులకు మించి ఎడం ఉండకూడదు. గోడ మీద లెన్స్ నేల నుంచి 80, 96 అంగుళాల మధ్య ఉండాలి. పడుకునే గదిలో 110 కావాలి. లెన్స్ సీలింగ్‌కి 24 అంగుళాల కంటే దగ్గరగా ఉంటే కనీసం 177. పొగ ముందు సీలింగ్ కిందే పేరుకుని వెలుగును కప్పేస్తుంది కాబట్టి. ఎందుకైనా మంచిదని అన్నిటినీ 185 దగ్గర పెట్టేస్తే పైన చెప్పిన కరెంటు లెక్క మొత్తం తలకిందులవుతుంది. 222 మిల్లీఆంపియర్ల చొప్పున లాగే స్ట్రోబ్‌లు 2.5 ఆంపియర్ల లైన్‌కి 11కి మించి పట్టవు.

ఇక్కడ చెప్పిన అంకెలన్నీ జినాన్ ట్యూబ్ స్ట్రోబ్‌వి. ఎల్ఈడీ స్ట్రోబ్‌లు ఇంకా తక్కువ కరెంటు లాగుతాయి. తొలిరోజుల్లో వచ్చినవాటిలో మెరుపు పొడవు ఎక్కువ. అలా సాగదీసిన వెలుగు కంటికి అంతగా తగలదు. 2016 ఎన్‌ఎఫ్‌పీఏ 72లో మెరుపు పొడవు పరిమితిని 0.2 సెకన్ల నుంచి 20 మిల్లీసెకన్లకు తగ్గించింది అందుకే. ఎల్ఈడీ స్ట్రోబ్ ఎవరు తెచ్చి చూపించినా ముందు మెరుపు పొడవు అడగండి.

శబ్దం దగ్గర కేటలాగు అంకెలు జనాన్ని బాగా తికమక పెడతాయి. యూఎల్ సరుకుకి డెసిబెల్స్ 10 అడుగుల దూరంలో కొలిచి రాస్తారు, మన లోకల్ హూటర్లకు ఎక్కువగా 1 మీటరు దగ్గర. ఈ రెండు దూరాల మధ్య తేడా దాదాపు 10 డెసిబెల్స్. కాబట్టి 1 మీటరు దగ్గర 95 అని రాసిన లోకల్ హూటర్, 10 అడుగుల దగ్గర 85 అని రాసిన ఎల్-సిరీస్ దాదాపు ఒకటే శబ్దం చేస్తాయి. దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెల్స్ పోతాయి. 10 అడుగుల దగ్గర 85 ఉన్నది 40 అడుగుల దగ్గర 73. మధ్యలో తలుపు మూసి ఉంటే మామూలుగా ఇంకో 20, ఆ పైన పోతుంది. నిద్రపోయే మనిషి తలగడ దగ్గర 75 ఉండాలని మన ఫైర్ అలారం ప్రమాణం ఐఎస్ 2189, ఎన్‌ఎఫ్‌పీఏ 72 రెండూ అంటాయి. కారిడార్‌లో హూటర్ పెట్టి గదుల్లోకి వినిపిస్తుందనుకునే హోటళ్లు, హాస్టళ్లు, నర్సింగ్ హోమ్‌లు ఈ లెక్కతో ఒక్కటీ పాస్ కావు. ఎల్-సిరీస్ పెట్టినా పాస్ కావు. గదిలో పెట్టాల్సిందే.

పడుకునే గదుల్లో మామూలు 3 కిలోహెర్ట్జ్ కీచు శబ్దం కంటే 520 హెర్ట్జ్ మంద్ర శబ్దం మెరుగ్గా లేపుతుంది, ముఖ్యంగా పిల్లల్నీ, వయసు పైబడి వినికిడి తగ్గినవాళ్లనీ. అమెరికాలో 2014 నుంచి ఈ గదులకు ఎన్‌ఎఫ్‌పీఏ 72 దీన్ని తప్పనిసరి చేసింది. ఎల్-సిరీస్‌లోనే ఇందుకు లో ఫ్రీక్వెన్సీ మోడళ్లున్నాయి. కరెంటు ఎక్కువ లాగుతాయి కాబట్టి లెక్క వేరుగా వేసుకోవాలి. ఈ లో ఫ్రీక్వెన్సీ మోడళ్లను ఒక దశలో అలారం సరిగ్గా మోగకపోయే అవకాశం ఉందని అమెరికాలో రీకాల్ చేశారు. పాత స్టాకు, మిగులు సరుకు అని తక్కువ ధరకి ఎవరైనా ఇస్తానంటే తయారీ తేదీ కోడ్ చూసి, రీకాల్ జాబితాలో లేదని రాతపూర్వకంగా తీసుకోండి.

టోన్ సెట్టింగ్‌లో ఒక మెలిక. వెనకున్న గుండ్రటి స్విచ్‌లో టెంపోరల్, నాన్ టెంపోరల్, కోడెడ్ అని ఉంటాయి. టెంపోరల్ అంటే మధ్యలో అర సెకను ఆగుతూ అర సెకను చొప్పున మూడుసార్లు మోగడం, మూడో మోత ఆగాక ఒకటిన్నర సెకను నిశ్శబ్దం. ఖాళీ చేయండి అనే ఆ సంకేతాన్ని ప్యానెల్ ఇస్తుంటే హూటర్‌ని కోడెడ్‌లో పెట్టాలి, హూటర్ ఇస్తుంటే ప్యానెల్ నిలకడగా కరెంటు ఇవ్వాలి. ఇద్దరూ ఇస్తే ముక్కలు ముక్కలుగా, ఎవరికీ అర్థం కాని కూత వస్తుంది. అడ్వాన్స్‌లో మూడు వాల్యూములు ఉండేవి, ఎల్-సిరీస్‌లో రెండే ఉన్నాయి. చిన్న గదులకు ఆ మధ్య వాల్యూమ్ అక్కరకొచ్చేది, తీసేయడం మాకు నచ్చలేదు.

మన వాతావరణానికి గట్టిగా గుర్తుంచుకోవాల్సింది ఇండోర్ మోడల్ పరిమితి: 0 నుంచి 49 డిగ్రీల సెల్సియస్. ఏసీ ఉన్న ఆఫీసుకి సమస్య లేదు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో రేకుల షెడ్డు పైకప్పు కింద ఆ గీత దాటిపోతుంది. షెడ్లు, పార్కింగ్, టెర్రస్, విశాఖ సముద్రపు గాలి తగిలే చోట్లకు పేరు చివర కె అక్షరమున్న అవుట్‌డోర్ మోడల్ తీసుకోవాలి. అది 66 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, దాని బ్యాక్ బాక్స్‌తోనే బిగించాలి. మామూలు బాక్స్ పెట్టి సిలికాన్ పూస్తే ఆ రేటింగ్ వర్తించదు. ఇండోర్‌కి 4 అంగుళాల చదరం, ఒకటిన్నర అంగుళాల లోతున్న జీఐ బాక్స్ ముందే గోడలో పెట్టించండి. మన మాడ్యులర్ స్విచ్ బాక్సుల రంధ్రాలు ప్లేటుకు కలవకపోతే పనివాళ్లు డ్రిల్ వేసి ప్లేటు పగలగొడతారు. టెర్మినళ్లు 12 నుంచి 18 గేజి వైరు పట్టుకుంటాయి, మన 1.5, 2.5 రెండూ సరిపోతాయి. లెన్స్ మీద, హార్న్ గ్రిల్ మీద రంగు పడిన పీసును తుడిచి వాడొద్దు, మార్చేయండి.

తీసుకునేటప్పుడు ఈ టెస్టులు మీ కళ్లముందు చేయించండి. మెయిన్స్ ఎంసీబీ దించి ప్యానెల్‌ని బ్యాటరీ మీద కాసేపు ఉంచి, ఒక మాన్యువల్ కాల్ పాయింట్ (చేత్తో అలారం మోగించే ఎర్ర పెట్టె) కొట్టించండి. చివరి హూటర్ ప్లేటు దగ్గర డీసీ వోల్టేజీ కొలవండి. స్ట్రోబ్ లాగినప్పుడల్లా అంకె ఊగుతుంది కాబట్టి మీటర్‌లో మినిమమ్ హోల్డ్ నొక్కి అట్టడుగు అంకె రాసుకోండి. అప్పుడే ప్యానెల్ దగ్గర కొలిచిన వోల్టేజీ కంటే అది 4.4 వోల్టులకు మించి తక్కువొస్తే, బ్యాటరీ దిగిపోయాక 16 దక్కదు. తర్వాత పడక గదుల్లో తలుపు మూసి, ఏసీ ఫ్యాన్ వేసి, తలగడ దగ్గర సౌండ్ మీటర్ పెట్టండి. ఆఖరుకి అలారం రీసెట్ చేసి, చివరి హూటర్ దగ్గర ఒక వైరు ఊడదీయండి. 200 సెకన్ల లోపు ప్యానెల్ ఫాల్ట్ చూపించాలి, యూరప్ ప్రమాణం ఈఎన్ 54 ప్యానెల్ అయితే 100 సెకన్లలో. చూపించకపోతే రెసిస్టర్ ఎక్కడుందో వెతకండి.

ఎవరికి పనికొస్తుందంటే: యూఎల్ ప్యానెల్ ఉన్న బిల్డింగుకి, పాత అడ్వాన్స్ సర్క్యూట్లు నిండిపోయి కొత్త గదులు కలపాల్సినచోట, వినికిడి లేనివాళ్లు ఉండే హాస్టళ్లకి, పెద్ద శబ్దం చేసే మెషీన్ల షాప్‌ఫ్లోర్లకి ఈ ధర పెట్టొచ్చు. నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్‌కి, జోన్ మాత్రమే చూపించే కన్వెన్షనల్ ప్యానెల్‌కి ఇది అక్కర్లేదు. డయోడ్ ఉన్న మంచి లోకల్ హూటర్లు తీసుకుని, మిగిలిన డబ్బుతో ప్రతి ఫ్లాట్ లోపలా ఒక్కోటి పెట్టించుకుంటే ఎక్కువ లాభం. ఎల్-సిరీస్ కొనేవాళ్లు మాత్రం ప్రతి హూటర్ క్యాండెలా, టోన్, వాల్యూమ్ సెట్టింగుల పట్టికను కాంట్రాక్టర్ దగ్గర రాయించుకుని ప్యానెల్ తలుపు లోపల అతికించండి. ఒక పీసు మార్చినప్పుడు కొత్తది ఏ సెట్టింగ్‌లో పెట్టాలో ఏఎంసీ కుర్రాడికి తెలిసే దారి అదొక్కటే.